ఇసుకపెట్టెలో పర్వతం: టెక్టానిక్ మోడలింగ్ లేబులో బోధనకూ పరిశోధనకూ అడుగడుగు మార్గదర్శి

ఫీల్డుకు వెళ్లిన జియాలజీ విద్యార్థికి కనబడేది చివరి ఫలితం ఒక్కటే. నల్లమల దారిలో ముడుతలు పడ్డ పలకరాయి కనబడుతుంది. సింగరేణి గనిలో బొగ్గు పొర ఉన్నట్టుండి తెగి కిందికి జారిపోయిన చోటు కనబడుతుంది. ఏ ముడుత ముందు పడింది, ఏ ఫాల్ట్ (భ్రంశం) తర్వాత తెగింది, ఒకటి తెగడం వల్ల పక్కది ఆగిపోయిందా అన్నది రాయిని చూసి ఊహించాల్సిందే. ఆ వరుసను కళ్ల ముందు మొదటి నుంచి చివరిదాకా చూడగలిగే చోటు టెక్టానిక్ మోడలింగ్ లేబు. ఇసుక, సిలికోన్, ఒక పెట్టె, నెమ్మదిగా జరిగే ఒక గోడ ఉంటే చాలు, లక్షల ఏళ్ల కథ ఒక మధ్యాహ్నంలో పూర్తవుతుంది.

ఈ పని కొత్తదేమీ కాదు. స్కాట్లండ్‌కు చెందిన సర్ జేమ్స్ హాల్ సముద్రతీరంలో ముడుతలు పడ్డ రాతిపొరలు చూసి, గుడ్డలు ఒకదానిపై ఒకటి పరిచి, పైన బరువు పెట్టి, పక్కల నుంచి నొక్కి అవే ముడుతలు తెప్పించాడు. 1815లో దాన్ని ప్రచురించాడు. 1880ల చివర హెన్రీ కాడెల్ అదే దేశంలో ఇసుక, బంకమన్ను, ప్లాస్టర్ పొరలను నెట్టి, రాతిపలకలు ఒకదానిమీదికి ఒకటి ఎక్కే తీరును చూపించాడు. 1937లో కింగ్ హబ్బర్ట్ స్కేలింగ్ (ప్రకృతి కొలతలను లేబు కొలతలకు తగ్గించే) సిద్ధాంతం రాశాకే ఈ ప్రయోగాలకు లెక్క దొరికింది. ఇవాళ బెర్న్, ఉట్రెక్ట్, పాట్స్‌డామ్, రెన్, ఉప్సాలా లాంటి చోట్ల దీనికోసమే లేబులున్నాయి. మన దేశంలో జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయానికి ప్రయోగాత్మక స్ట్రక్చరల్ జియాలజీలో మంచి పేరుంది.

ఎం.ఎస్సీ. ప్రాజెక్టు చేయబోయే విద్యార్థినీ, కాలేజీలో చిన్న పెట్టె ఒకటి పెట్టుకోవాలనుకునే లెక్చరర్‌నూ దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. మొత్తం మీద నేను చెప్పదలుచుకున్నది ఒకటే: ఈ పెట్టె పర్వతం బొమ్మ తయారుచేసే యంత్రం కాదు, ఒక ప్రశ్నకు జవాబు రాబట్టే యంత్రం. ప్రశ్న లేకుండా మోటార్ ఆన్ చేస్తే అందమైన ఫొటోలు వస్తాయి గానీ జియాలజీ రాదు.

మొదటి అడుగు: మోటార్ కంటే ముందు కాగితం

"హిమాలయాలను మోడల్ చేస్తాను" అన్నది ప్రశ్న కాదు. "అడుగు పొరలో ఘర్షణ తగ్గితే, నెట్టిన ఇసుక గుట్ట వాలు ఎంత మారుతుంది?" అన్నది ప్రశ్న. "పై పొర మందం రెట్టింపు చేస్తే ఫాల్టుల మధ్య దూరం కూడా రెట్టింపవుతుందా?" అన్నది ఇంకా మంచి ప్రశ్న, ఎందుకంటే స్కేలుతో కొలిచి అవునో కాదో చెప్పొచ్చు.

ప్రశ్న కుదిరాక మారేది ఏది, మారనివి ఏవి అని రెండు వరుసలు రాయండి. మారేది ఒక్కటే ఉండాలి. ఘర్షణ మారిస్తే మందం మార్చకూడదు, ఇసుక రకం మార్చకూడదు, వీలైతే జల్లెడ పట్టే మనిషిని కూడా మార్చకూడదు. తర్వాత, ఏం జరుగుతుందని మీరు అనుకుంటున్నారో పెన్నుతో బొమ్మ గీసి, తేదీ వేసి, లాగ్‌బుక్‌లో పెట్టండి. చాలామంది ఈ పనిని వదిలేస్తారు. నాకైతే లేబులో జరిగే చదువులో సగం ఇక్కడే ఉందనిపిస్తుంది. ముందుగా గీయని విద్యార్థి ఫలితం చూశాక "నేనూ ఇదే అనుకున్నాను" అని నిజాయితీగానే నమ్ముతాడు. గీసినవాడికి తన ఊహకూ ఇసుక చేసిన పనికీ మధ్య తేడా కనబడుతుంది, "ఎందుకు?" అనే మాట అప్పుడు వస్తుంది.

రెండో అడుగు: స్కేలింగ్ లెక్క

ఇక్కడ తొందరపడొద్దు. థీసిస్ వైవాలో మొదటి ప్రశ్న దీనిమీదే వస్తుంది.

పది కిలోమీటర్ల మందం రాతిపొరను పది సెంటీమీటర్లకు తగ్గించామనుకోండి. పొడవు లక్షో వంతైంది. అప్పుడు అడుగున పడే ఒత్తిడి కూడా దాదాపు లక్షో వంతుకు తగ్గుతుంది. బలం మాత్రం నిజమైన రాయి బలమే ఉంచేస్తే ఆ మోడల్ వందేళ్లు నెట్టినా ప్రకృతిలో లాగా తెగదు. కాబట్టి పదార్థం కూడా అదే నిష్పత్తిలో బలహీనంగా ఉండాలి. లేబులో గ్రానైట్ ముక్క బదులు ఇసుక వాడటానికి కారణం ఇదే.

లెక్క ఇలా చేయాలి. ఒత్తిడి నిష్పత్తి అంటే సాంద్రత నిష్పత్తి, గురుత్వ నిష్పత్తి, పొడవు నిష్పత్తి మూడింటి లబ్ధం. రాయి సాంద్రత ఘనపు మీటరుకు 2,600 కిలోలు, జల్లెడ పట్టిన ఇసుకది 1,560 కిలోలు అనుకుంటే సాంద్రత నిష్పత్తి 0.6. గురుత్వం రెండుచోట్లా ఒకటే, కాబట్టి 1. పొడవు నిష్పత్తి 1/1,00,000. మొత్తం ఒత్తిడి నిష్పత్తి 0.000006.

ఇప్పుడు రాతికి ఉండే అంటుకునే బలం (కోహీషన్) 1 కోటి పాస్కల్ అనుకుందాం. దాన్ని 0.000006తో గుణిస్తే 60 పాస్కల్. అదే 2 కోట్ల పాస్కల్ అయితే 120. పొడి క్వార్ట్జ్ ఇసుకను కొలిస్తే సాధారణంగా పదుల నుంచి వందకు కాస్త అటూ ఇటూ పాస్కల్ వస్తుంది. అంటే ఇసుక సరిపోతుంది. ఘర్షణ గుణకానికి యూనిట్లు లేవు కాబట్టి దాన్ని తగ్గించే పనిలేదు, రెండుచోట్లా ఒకేలా ఉండాలి. రాళ్లలో అది దాదాపు 0.6 నుంచి 0.85, పొడి ఇసుకలో 0.6, 0.7 ప్రాంతం. ఇదీ దగ్గరే.

ఇసుక ఒక్కటే ఉన్న మోడల్‌లో కాలం లెక్క అక్కర్లేదు. పొడి ఇసుక బలం నెట్టే వేగంమీద పెద్దగా ఆధారపడదు. గోడను గంటకు రెండు సెంటీమీటర్లు నెట్టినా, పది నెట్టినా దాదాపు అవే ఫాల్టులు వస్తాయి. సిలికోన్ పొర వేసిన క్షణం నుంచి వేగం ముఖ్యమవుతుంది, ఎందుకంటే అది తేనెలా మెల్లగా పాకే జిగట పదార్థం. ఎంత వేగంగా లాగితే అంత గట్టిగా అడ్డుకుంటుంది.

కాలం నిష్పత్తి అంటే స్నిగ్ధత (పాకడానికి పదార్థం ఎంత అడ్డుపడుతుందన్న కొలత) నిష్పత్తిని ఒత్తిడి నిష్పత్తితో భాగించడం. లేబు సిలికోన్ స్నిగ్ధత 25,000 పాస్కల్ సెకన్లు, ప్రకృతిలో రాతి ఉప్పు లాంటి బలహీనమైన పొరది 10¹⁹ అనుకుంటే, లేబులో ఒక గంట ప్రకృతిలో సుమారు 2.7 లక్షల ఏళ్లకు సమానం. గోడను గంటకు 2 సెంటీమీటర్లు నెడితే అది ప్రకృతిలో ఏడాదికి 7 మిల్లీమీటర్లు. నేపాల్ హిమాలయాల్లో ఏడాదికి సుమారు 2 సెంటీమీటర్ల కుదింపు జరుగుతోంది. దాన్ని చూపాలంటే మోటార్ గంటకు ఐదున్నర సెంటీమీటర్లు నెట్టాలి.

ఒక హెచ్చరిక. ప్రకృతిలో స్నిగ్ధత ఎవరూ నేరుగా కొలిచింది కాదు. ఉప్పు పొరకు 10¹⁹ బదులు 10¹⁸ తీసుకుంటే అదే గంట 27 వేల ఏళ్లవుతుంది. అందుకే రిపోర్టులో ఒకే అంకె ఇవ్వకుండా రెండు హద్దులూ పెట్టి లెక్క చూపండి.

పెట్టెలో ఏం లేవో కూడా ఇక్కడే రాసేయండి. వేడి లేదు. రాళ్ల రంధ్రాల్లో ఉండే నీటి పీడనం లేదు. పర్వతం బరువుకు భూమి పైపొర కుంగడం లేదు, ఎందుకంటే పెట్టె అడుగు చెక్క. వాన కోత కావాలంటే చిన్న వాక్యూమ్ గొట్టంతో పై ఇసుకను పీల్చి తీసేయొచ్చు, కానీ అది మీరు చేసే పని తప్ప దానంతట అది జరిగేది కాదు.

మూడో అడుగు: మీ ఇసుకను మీరే కొలవండి

వాడాల్సింది పొడి క్వార్ట్జ్ ఇసుక, రేణువు 0.1 నుంచి 0.5 మిల్లీమీటర్ల మధ్య. ఏటి ఇసుకే అయినా ఫరవాలేదు. బాగా కడిగి, మట్టి పోయాక, ఓవెన్‌లో 105 డిగ్రీల దగ్గర ఆరబెట్టి, రెండు జల్లెడల మధ్య మిగిలింది తీసుకోండి. పై జల్లెడ మీద ఆగిపోయిన గరుకూ, కింది జల్లెడలోంచి జారిపోయిన పొడీ రెండూ వద్దు.

ఆ పొడి విషయంలో ఒక్క మాట గట్టిగా చెప్పాలి. మెత్తని సిలికా దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది, అది తగ్గే జబ్బు కాదు. జల్లెడ పట్టేటప్పుడు ఎన్95 మాస్కు తప్పనిసరి. గదిలో గాలి పోయే దారి ఉండాలి. నేల చీపురుతో ఊడ్వకండి, తడిగుడ్డతో తుడవండి. టీచర్ మాస్కు లేకుండా నిలబడితే పిల్లలూ తీసేస్తారు.

పొరలు కనబడాలంటే రంగు ఇసుక కావాలి. అదే ఇసుకకు రంగు పట్టించి, ఆరబెట్టి, మళ్లీ జల్లెడ పట్టుకోవాలి. మన దగ్గర ముగ్గుల రంగులు చవగ్గా దొరుకుతాయి కాబట్టి అందరి చేయీ వాటిమీదికే వెళుతుంది. అవి చాలా మెత్తన. పొర మందంగా వేస్తే అంటుకునే బలం పెరిగి మోడల్ ప్రవర్తనే మారిపోతుంది. ఒక మిల్లీమీటరు లోపు గుర్తు పొరగా వాడితే సరే, అంతకు మించి వద్దు.

బలహీనమైన పొర కోసం రెండు దారులున్నాయి. తెగే పొరే కావాలి గానీ ఘర్షణ తక్కువ ఉండాలంటే సన్నని గాజు పూసలు. ఇవి గుండ్రంగా ఉండటం వల్ల ఘర్షణ గుణకం 0.4, 0.5 దాకా దిగుతుంది. పాకే పొర కావాలంటే సిలికోన్. దాన్ని ప్రయోగానికి ఒకటి రెండు రోజుల ముందే పోసి ఉంచాలి, లోపలి గాలి బుడగలు మెల్లగా పైకొచ్చి పోవాలి.

ఘర్షణ కొలవడానికి ఖరీదైన రింగ్ షియర్ యంత్రం ఉంటే మంచిదే. లేకపోతే హబ్బర్ట్ తరహా సాదా పరికరం చాలు: ఒకదానిమీద ఒకటి రెండు రింగులు, కిందది కదలకుండా బిగించి, పైదాన్ని వెంట్రుకవాసి ఎడంతో వేలాడదీయాలి. రెండిట్లో ఇసుక నింపి, పైన బరువు పెట్టి, పై రింగును పక్కకు లాగాలి. ఎంత లాగితే జారిందో రాసుకుని, బరువు మార్చి మళ్లీ లాగాలి. నిలువు ఒత్తిడి అడ్డంగా, జారిన ఒత్తిడి నిలువుగా గ్రాఫ్ వేస్తే ఒక సరళరేఖ వస్తుంది. దాని వాలు ఘర్షణ గుణకం, నిలువు అక్షాన్ని తాకిన చోటు కోహీషన్. పుస్తకంలోని మోర్-కూలాంబ్ గీత ఇలా సొంత చేతులతో వచ్చాక విద్యార్థి మరచిపోడు. సెమిస్టర్‌లో మొదటి ప్రాక్టికల్ ఇదే పెట్టండి.

నాలుగో అడుగు: పెట్టె

క్లాసుకు 80 సెంటీమీటర్ల పొడవు, 40 వెడల్పు, 20 ఎత్తు చాలు. పక్క గోడలు అద్దంవి పెట్టించండి. యాక్రిలిక్ చవక, తేలిక, కానీ గీతలు పడుతుంది, స్థిరవిద్యుత్తుతో ఇసుకను అంటించుకుంటుంది. వెనక గోడను నెట్టడానికి మరలున్న రాడ్డు వాడొచ్చు. సాధారణ ఎం10 (10 మిల్లీమీటర్ల వ్యాసం) రాడ్డు ఒక చుట్టుకు 1.5 మిల్లీమీటర్లు నడుస్తుంది, కాబట్టి చేత్తో తిప్పే హ్యాండిల్ పెట్టినా వంద చుట్లకు 15 సెంటీమీటర్లు కచ్చితంగా వస్తుంది. సిలికోన్ వాడితే మాత్రం ఒకే వేగం కావాలి కాబట్టి స్టెప్పర్ మోటార్, చిన్న కంట్రోలర్ బోర్డు తీసుకోండి. ఎలక్ట్రానిక్స్ డిపార్టుమెంట్ విద్యార్థులకు అది ఒక పూట పని.

ఈ ఒక్క పెట్టెతో మూడు రకాల ప్రయోగాలు చేయొచ్చు. గోడను లోపలికి నెడితే కుదింపు. అడుగున రెండు ప్లాస్టిక్ షీట్లు పరిచి ఒకదాన్ని బయటికి లాగితే సాగదీత, గోదావరి లోయలో గోండ్వానా బొగ్గు పొరలు దిగబడిన గ్రాబెన్ (రెండు ఫాల్టుల మధ్య కిందికి దిగిన పట్టీ) లాంటివి ఇలా వస్తాయి. అడుగున రెండు చెక్కలు పక్కపక్కన పెట్టి ఒకదాన్ని ముందుకు జరిపితే పక్కజారుడు ఫాల్టు. కొత్తవాళ్లు మూడో దానితో మొదలుపెట్టడం మంచిది, దానికి గోడ కూడా అక్కర్లేదు. నాలుగు సెంటీమీటర్ల ఇసుక పోసి చెక్కను జరిపితే, ముందు ఒక్క గీత రాదు. ప్రధాన దిశకు సుమారు 15 డిగ్రీల వంపుతో చిన్న చిన్న పగుళ్లు వరుసగా వస్తాయి. 1929లో రీడెల్ బంకమన్నులో చూపినవి ఇవే. ఇంకా జరిపితే అవి కలిసి ఒకే ఫాల్టు అవుతాయి.

ఐదో అడుగు: పొరలు పోయడం

బయటివాళ్లకు ఇది కూలిపనిలా కనబడుతుంది. నిజానికి ప్రయోగం బాగుపడేదీ చెడేదీ ఇక్కడే.

ఇసుకను బకెట్‌తో పోస్తే వదులుగా పడుతుంది. జల్లెడతో 20, 30 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వానలా కురిపిస్తే రేణువులు బిగుతుగా సర్దుకుంటాయి. సాంద్రత పెరుగుతుంది, తెగే ముందు ఘర్షణ పెరుగుతుంది, ఫాల్టులు సన్నగా, స్పష్టంగా వస్తాయి. ఎత్తు మారినా, చేతి వేగం మారినా ఈ గుణాలన్నీ మారతాయి. కాబట్టి ఒక ప్రయోగానికి మొదటి నుంచి చివరిదాకా ఒకే మనిషి, ఒకే జల్లెడ, ఒకే ఎత్తు. ఎత్తు చెదరకుండా పెట్టెకు రెండు వైపులా పట్టాలు బిగించి జల్లెడను వాటిమీద జరిపితే ఇంకా బాగుంటుంది.

ఒక్కో పొర అర సెంటీమీటరు. పోసిన తర్వాత పెట్టె అంచుల మీద ఆనే బద్దతో ఒకే దిశలో లాగి మట్టం చేయండి. రసమట్టం పెట్టి చూడండి. బద్దతో నొక్కొద్దు, లాగాలి అంతే. రంగు పొర వేసి మళ్లీ ఇసుక. ఈ పని జరుగుతున్నంతసేపూ బల్లను ఎవరూ తాకకూడదు. పెట్టెకు చిన్న దెబ్బ తగిలినా పొరలు కుదురుకుని సాంద్రత మారిపోతుంది, అది కంటికి కనబడదు.

గదిలో తేమ, ఉష్ణోగ్రత లాగ్‌బుక్‌లో రాయండి. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో వర్షాకాలం వస్తే ఇసుక గాలిలో తేమనే పీల్చుకుంటుంది, కోహీషన్ పెరుగుతుంది. ఏప్రిల్‌లో చేసిన ప్రయోగాన్నీ ఆగస్టులో చేసినదాన్నీ పోల్చాలంటే రెండుసార్లూ ఇసుకను ఆరబెట్టి మూత డబ్బాలో చల్లార్చి వాడాలి.

ఆరో అడుగు: కెమెరా

రెండు కెమెరాలు చాలు, ఒకటి పైన, ఒకటి అద్దం పక్క. ఫోన్ అయినా సరే, స్టాండుకు బిగించి ఫోకస్, వెలుతురు రెండూ మాన్యువల్‌లో పెట్టేయండి. పక్క నుంచి పల్చటి కోణంలో ఒక లైటు పడేలా చూస్తే, మిల్లీమీటరు ఎత్తు లేచిన ఫాల్టుకు కూడా నీడ పడి కనబడుతుంది. ఫ్రేములో స్కేలు తప్పనిసరి. ప్రతి ఒకటి రెండు మిల్లీమీటర్ల కుదింపుకు ఒక ఫొటో. పైన ముదురు రంగు రేణువులు పల్చగా చల్లి ఉంచితే, తర్వాత కంప్యూటర్‌లో ఏ రేణువు ఎటు కదిలిందో పట్టుకోవచ్చు. దీన్ని పార్టికల్ ఇమేజ్ వెలాసిమెట్రీ అంటారు. ఓపెన్‌పివ్ అనే ఉచిత ప్రోగ్రామ్ పైథాన్‌లో నడుస్తుంది, కోణాలు, దూరాలు కొలవడానికి ఇమేజ్‌జె చాలు.

ఏడో అడుగు: గోడ కదిలాక

కుదింపు ప్రయోగంలో మొదట ఏమీ జరగనట్టు ఉంటుంది. ఇసుక కొంచెం బిగుస్తుంది. తర్వాత గోడ ముందు ఒక దిమ్మ పైకి లేస్తుంది. ముందువైపు ఒక థ్రస్ట్ (పై దిమ్మ కిందిదాని మీదికి ఎక్కే ఫాల్టు), వెనకవైపు దానికి ఎదురుగా మరొకటి. ఆ ముందు థ్రస్ట్ కోణం కొలవండి. ఇసుక ఘర్షణ కోణం 34 డిగ్రీలైతే సిద్ధాంతం ప్రకారం 45 లోంచి అందులో సగం తీసేస్తే 28 డిగ్రీలు రావాలి. సాగదీత ప్రయోగంలో అయితే అదే సగం 45కు కలిపి 62. మీరు మూడో అడుగులో కొలిచిన అంకె ఇక్కడ పరీక్షకు వస్తుంది.

ఇంకా నెడితే మొదటి థ్రస్ట్ కొంత నడిచి నెమ్మదిస్తుంది, దాని ముందు కొత్తది తెగుతుంది. ఆ తర్వాత దాని ముందు మరొకటి. పొరల మందం పెరిగితే వీటి మధ్య దూరం కూడా పెరుగుతుంది. అన్నీ కలిసి గోడవైపు ఎత్తుగా, ముందువైపు పల్చగా ఉండే గుట్ట అవుతుంది. బుల్డోజర్ ముందు పోగయ్యే మట్టి తీరే ఇది. 1983లో డేవిస్, సప్పే, డాలెన్ తైవాన్ పర్వతాలకు ఈ లెక్కే వేశారు: పై వాలు, అడుగు వాలు కలిపి ఒక కనీస కోణం వచ్చేదాకా గుట్ట లోపల లోపలే నలుగుతుంది, ఆ కోణం వచ్చాక మొత్తంగా అడుగుమీద జారుతుంది.

అడుగున గరుకు కాగితం వేస్తే గుట్ట పొట్టిగా, నిటారుగా వస్తుంది. గాజు పూసలు వేస్తే వెడల్పుగా, వాలు తక్కువగా వస్తుంది. సిలికోన్ వేస్తే ఇంకా పల్చబడి, థ్రస్టులు ముందుకూ వెనక్కూ రెండు వైపులా తెగుతాయి. పాకిస్తాన్‌లోని సాల్ట్ రేంజ్, పొట్వార్ ప్రాంతంలో అడుగున ఉప్పు పొర ఉండటం వల్లే పర్వతశ్రేణి అంత వెడల్పుగా, దాదాపు చదునుగా ఉంది.

ఇక్కడ విద్యార్థులను అడగాల్సిన మంచి ప్రశ్న ఒకటుంది. తైవాన్‌లో పై వాలు సుమారు 3 డిగ్రీలే, మన ఇసుక గుట్టకు అంతకంటే చాలా ఎక్కువ వచ్చింది, ఎందుకు? జవాబు రెండో అడుగులో ఉంది: నిజమైన పర్వతం అడుగున రంధ్రాల్లోని నీటి పీడనం రాయి బరువును కొంత మోసి జారడం సులువు చేస్తుంది, పొడి ఇసుకలో ఆ నీరు లేదు. పెట్టెలో లేనిదాన్ని గుర్తుపట్టడం ద్వారా ప్రకృతిలో ఉన్నదాన్ని తెలుసుకోవడం ఇదే.

ప్రతి కొత్త ఫాల్టు కనబడిన వెంటనే ఎంత కుదింపు దగ్గర వచ్చిందో రాయాలి. ఫొటోలు చూసి తర్వాత రాద్దామని వదిలేయకండి. కంటితో చూసి గీసిన రఫ్ బొమ్మలో, ఏది కదులుతోంది, ఏది ఆగింది అన్నది ఫొటో కంటే బాగా నిలుస్తుంది.

ఎనిమిదో అడుగు: కోత

ప్రయోగం ఆపాక పైన తెల్ల ఇసుక ఒక పొర కప్పండి, అది ఉపరితలాన్ని కాపాడుతుంది. తర్వాత సన్నని స్ప్రేతో మెల్లగా నీళ్లు పట్టించండి, నీటిలో రెండు చుక్కల లిక్విడ్ సబ్బు వేస్తే త్వరగా ఇంకుతుంది. తడిసిన ఇసుక నిలబడుతుంది. ముక్కలు ఎక్కువసేపు నిలవాలంటే నీళ్ల బదులు వేడి జెలటిన్ ద్రావణం పోసి గట్టిపడనివ్వాలి. ఆ తర్వాత పల్చటి లోహపు రేకుతో సెంటీమీటరు, రెండు సెంటీమీటర్లకు ఒక కోత కోస్తూ, ప్రతి ముఖాన్నీ ఫొటో తీస్తూ పోవాలి.

అద్దం పక్కనుండే మూడు నాలుగు సెంటీమీటర్లను కొలతల్లోంచి తీసేయండి. అద్దంతో రాపిడి వల్ల అక్కడ ఇసుక వెనకబడి ఫాల్టులు వంగిపోతాయి. అద్దంలోంచి కనబడే దృశ్యం ఎంత అందంగా ఉన్నా థీసిస్‌లో కొలతలు మధ్య కోతల నుంచే రావాలి. బెర్న్ లాంటి చోట్ల ఎక్స్‌రే సీటీ స్కానర్‌తో మోడల్‌ను కోయకుండానే, నడుస్తుండగానే లోపల చూస్తారు. మనకు కత్తే స్కానర్.

తొమ్మిదో అడుగు: అదే ప్రయోగం మళ్లీ

యూరప్, అమెరికా, ఆసియా లేబులు కలిసి ఒకే రకం ఇసుకతో, ఒకే పద్ధతిలో ఒకే ప్రయోగం చేసి పోల్చుకున్న అధ్యయనాలున్నాయి. బెర్న్‌కు చెందిన గీడో ష్రోయర్స్ నాయకత్వంలో 2016లో వచ్చింది వాటిలో ముఖ్యమైనది. గుట్ట పెరిగే తీరు అన్నిచోట్లా ఒకటే. కానీ ఫాల్టుల సంఖ్య, వాటి మధ్య దూరం, కోణాలు లేబు లేబుకూ మారాయి. ఇసుక పోసిన చేయి, గోడ రాపిడి లాంటివి దానికి కారణాలు.

అంటే ఒకసారి చేసిన ప్రయోగంతో "ఘర్షణ తగ్గితే దూరం ఇంత మారింది" అనకూడదు. ఏమీ మార్చకుండా కనీసం మూడుసార్లు చేసి, ఆ మూడింటి మధ్యే ఎంత తేడా ఉందో ముందు తెలుసుకోవాలి. మీరు మార్చిన అంశం వల్ల వచ్చిన తేడా అంతకంటే పెద్దదైతేనే అది ఫలితం. ప్రాజెక్టు టైమ్‌టేబుల్ వేసేటప్పుడే ఈ పునరావృతాలకు చోటు పెట్టుకోండి, లేకపోతే చివరి నెలలో టెన్షన్ మామూలుగా ఉండదు.

క్లాసులో ఎలా నడపాలి

ఇరవై మంది పెట్టె చుట్టూ మూగి, టీచర్ ఒక్కరే హ్యాండిల్ తిప్పితే అది ప్రదర్శన అవుతుంది, ప్రాక్టికల్ కాదు. నలుగురైదుగురు చొప్పున జట్లు చేయండి. ఒకరు ఇసుక, ఒకరు గోడ, ఒకరు కెమెరా, ఒకరు లాగ్‌బుక్. జట్టుకో అడుగు పదార్థం ఇవ్వండి: ఒకరికి గరుకు కాగితం, ఒకరికి నున్నటి షీటు, ఒకరికి గాజు పూసలు, ఒకరికి సిలికోన్. వారం చివర నాలుగు జట్ల కోతలు పక్కపక్కన పెడితే ఘర్షణ ప్రభావం మీరు చెప్పకుండానే వాళ్లకు కనబడుతుంది.

పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లు జూనియర్లకు నేర్పడం ఈ లేబులో చక్కగా కుదురుతుంది. "అక్కా, ఇది ఎందుకు వంకరగా పోయింది?" అని డిగ్రీ అమ్మాయి అడిగే ప్రశ్నకు జవాబు చెప్పడానికి సీనియర్ తన మోడల్‌నే మళ్లీ చూసుకోవాల్సి వస్తుంది. ఒక నియమం మాత్రం పెట్టండి: సీనియర్ జూనియర్ చేతిలోంచి జల్లెడ లాక్కోకూడదు. నెమ్మదైనా, మొదటి పొర ఎగుడుదిగుడైనా వాళ్లే పోయాలి, వాళ్లే మట్టం చూసుకుని తీసేసి మళ్లీ పోయాలి.

మార్కులు ఫలితం బాగా వచ్చిందా అన్నదానికి వేయొద్దు. ముందు గీసిన బొమ్మకూ, వచ్చిన ఫలితానికీ మధ్య తేడాను విద్యార్థి ఎలా వివరించాడన్నదానికి వేయండి.

పదో అడుగు: ప్రకృతి పక్కన పెట్టి చూడటం

పరిశోధన అనిపించుకునేది ఇక్కడ. "మా మోడల్ అచ్చం హిమాలయాల్లా ఉంది" అనే వాక్యం థీసిస్‌లో రాయకండి. పోలిక రుజువు కాదు, వేరే కారణాలతోనూ అదే ఆకారం రావొచ్చు.

1982లో పాల్ టపొనియే బృందం ప్లాస్టిసిన్ (పిల్లలు బొమ్మలు చేసే మెత్తటి ముద్ద) దిమ్మలోకి భారతదేశానికి గుర్తుగా ఒక గట్టి దిమ్మను నెట్టింది. తూర్పు వైపు గోడ తీసేసి వదిలితే ప్లాస్టిసిన్ ముక్కలు పెద్ద ఫాల్టుల వెంట తూర్పుకు జారిపోయాయి. ఇండోచైనా అలాగే జారిందని, రెడ్ రివర్ ఫాల్టు అలా పుట్టిందని వాళ్లు వాదించారు. ఆ ఆలోచన ఆసియా టెక్టానిక్స్‌ను మార్చేసింది. అయితే రెండు వైపులా గోడలు ఉంచి నెట్టినప్పుడు అలా జరగలేదు. పైగా ఆ దిమ్మను పై నుంచి కూడా మూసేశారు, కాబట్టి అది మందం కావడానికి వీల్లేదు. టిబెట్ మందం పెరగడం అసలు ప్రశ్నల్లో ఒకటి కదా, దాన్ని ఆ పెట్టె అడగనే లేదు. ఆ ప్రయోగాన్ని నేను ఎంతో గౌరవిస్తాను. అందుకే ప్రతి బ్యాచ్‌కూ దాన్ని చూపించి, ఫలితంలో ఎంత భాగం ప్లాస్టిసిన్ చెప్పింది, ఎంత భాగం గోడలు చెప్పాయి అని అడగమంటాను. మీ పెట్టె గురించి కూడా అదే ప్రశ్న వేసుకోండి.

మన నేలమీదే మంచి ప్రాజెక్టులున్నాయి. కడప బేసిన్ తూర్పు భాగంలోని నల్లమల ముడుతల పట్టీ విల్లులా వంగి ఉంటుంది. నెట్టిన గోడ ఆకారం వల్ల ఆ వంపు వచ్చిందా, అడుగు పొర బలంలో తేడాల వల్లా అన్నది రెండు వరుసల ప్రయోగాలతో పరీక్షించదగ్గ ప్రశ్న. కృష్ణా-గోదావరి బేసిన్‌లో సముద్రం కింద మెత్తని షేల్ మీద బరువైన అవక్షేపాలు వాలులో జారుతూ, ఎగువన సాగదీత ఫాల్టులు, దిగువన కుదింపు తెచ్చాయి. కొద్దిగా వంచిన పెట్టెలో సిలికోన్ మీద ఇసుక పోసి వదిలితే మోటార్ లేకుండానే అది చూడొచ్చు. సిలికోన్ వాలు ఒక డిగ్రీ మార్చి, మిగతా అన్నీ అలాగే ఉంచి చేయండి. ఫీల్డు మ్యాపు, సీస్మిక్ సెక్షన్లలో (తరంగాలు పంపి తీసిన భూమి లోపలి చిత్రాల్లో) కొలవగలిగే అంకె (ఫాల్టుల మధ్య దూరం, వరుస, ఏ వైపు వాలాయన్నది) మోడల్ ముందే చెప్పగలిగితే, అది సరిపోయినా సరిపోకపోయినా మీకు రాయడానికి విషయం ఉన్నట్టే.

చివరి అడుగు: సర్ది పెట్టడం

ప్రతి ప్రయోగానికీ ఒక నంబరు ఇచ్చి, ఫొటోలు, లాగ్‌బుక్ పేజీల స్కాన్, ఇసుక బ్యాచ్ ఘర్షణ కొలతలు, తేమ, వేగం అన్నీ ఒకే ఫోల్డర్‌లో పెట్టండి. విఫలమైన ప్రయోగాలకూ నంబరు ఉండాలి, ఎందుకు ఆపారో ఒక వాక్యం ఉండాలి. పాట్స్‌డామ్‌లోని జీఎఫ్‌జెడ్ (జర్మనీ భూవిజ్ఞాన పరిశోధన కేంద్రం) డేటా సర్వీసెస్‌లో చాలా లేబులు తమ ఇసుక కొలతలనూ ప్రయోగాల ఫొటోలనూ అందరికీ తెరిచి పెట్టాయి. మీ పట్టిక ఎలా ఉండాలో అక్కడ చూసి నేర్చుకోవచ్చు, మీ ఇసుక అంకెలను వాళ్లవాటితో పోల్చుకోవచ్చు.

సిలికోన్ తగలని ఇసుకను కడిగి, ఆరబెట్టి, మళ్లీ జల్లెడ పట్టి వాడొచ్చు. రంగు ఇసుక కలిసిపోయి ఉంటే దాన్ని కనబడని అడుగు పొరలకు ఉంచండి. సబ్బు నీళ్లతో తడిపిన ఇసుకను కనీసం రెండుసార్లు మంచినీళ్లతో కడగాలి. ఆరాక పాత డబ్బాలో కలిపేయకుండా వేరే డబ్బాలో పోసి, తేదీ రాసి, దాని ఘర్షణను మళ్లీ కొలిచి, ఆ అంకెను డబ్బా మీదే అంటించండి. వచ్చే సెమిస్టర్ బ్యాచ్ మొదటి ప్రాక్టికల్‌లో ఆ అంకెనే సరిచూడాలి.